రాత్రి దిగని బీపీ

ఉప్పు తగ్గించాం, మాత్ర వేసుకుంటున్నాం, పొద్దున్నే నడుస్తున్నాం. అయినా బీపీ లొంగడం లేదంటే ఒకసారి పడకగది వైపు చూడాలి.

రాత్రి ఒంటిగంట. ఇంటిల్లిపాదీ నిద్రలో ఉన్నారు. మంచం మీద వెల్లకిలా పడుకున్న ఇంటాయన ఎడమ జబ్బకు నల్లటి పట్టీ చుట్టి ఉంది. దానికి తగిలించిన సన్నటి గొట్టం చొక్కా కిందుగా వచ్చి, నడుముకు కట్టుకున్న చిన్న పెట్టెలోకి దిగింది. ఉన్నట్టుండి ఆ పెట్టె బుర్రుమంటుంది. పట్టీ ఉబ్బి జబ్బను బిగించి, ఒక్క క్షణం ఆగి, బుస్సుమంటూ గాలి వదిలేస్తుంది. ఆయన కాస్త కదిలి మళ్లీ గురకలోకి జారుకుంటాడు. ఈలోగా పెట్టె ఒక అంకె రాసుకుంది. అరగంట పోయాక ఇంకోటి రాసుకుంటుంది. మర్నాడు ఆస్పత్రిలో దాన్ని కంప్యూటర్‌కు తగిలిస్తే ఇరవై నాలుగు గంటల బీపీ ఒక గీతగా తెర మీదికి వస్తుంది. ఆరోగ్యవంతుల గీత నిద్ర పట్టగానే లోయలోకి దిగి, తెల్లవారుజామున మళ్లీ పైకెక్కుతుంది. ఈయన గీతలో లోయ లేదు. పగలు 140 దగ్గర నడిచిన బీపీ రాత్రంతా అక్కడక్కడే తచ్చాడింది.

నలభై నిండకుండానే గుండెపోటు అన్న వార్త వచ్చినప్పుడల్లా ఇళ్లలో, ఆఫీసుల్లో వారం రోజులు అదే మాట. తిండి బాగాలేదని ఒకరు, జిమ్‌లో అతిగా బరువులెత్తాడని ఒకరు, టెన్షన్లని ఇంకొకరు. చేతి గడియారం నిద్రకు మార్కులు వేయడం మొదలుపెట్టాక నిద్ర కూడా ఈ మాటల్లోకి వచ్చింది గానీ, ఇంకా చివరి వరుసలోనే ఉంది. దేశవ్యాప్తంగా జరిగిన ఐసీఎంఆర్-ఇండియాబ్ సర్వే ఫలితాలు 2023లో వచ్చాయి. దాని ప్రకారం మన దేశంలో పెద్దవాళ్లలో 35.5 శాతం మందికి అధిక రక్తపోటు ఉంది. అంటే దాదాపు ప్రతి ముగ్గురిలో ఒకరు. వీళ్లందరి బీపీ చూసేది పగటిపూట, కుర్చీలో కూర్చోబెట్టి, రెండు నిమిషాల్లో. రోజులో మూడో వంతు కాలం ఒంట్లో ఏం జరుగుతోందో ఆ రెండు నిమిషాలు చెప్పవు. బీపీ వైద్యంలో ఉప్పు, మాత్ర, నడక ఎంత ముఖ్యమో నిద్ర కూడా అంతే ముఖ్యమనీ, దాన్ని అడగకుండా రాసే మందుల చీటీ అసంపూర్ణమనీ చెప్పడమే ఈ కథనం ఉద్దేశం.

గుండెకు దొరికే సెలవు

నిద్ర పట్టగానే ఒంటిని ఉరుకులు పెట్టించే అడ్రినలిన్ వంటి రసాయనాలు వెనక్కి తగ్గుతాయి. గుండె నెమ్మదిస్తుంది. రక్తనాళాల గోడలు బిగువు సడలుతాయి. ఫలితంగా బీపీలో పై అంకె, కింది అంకె రెండూ పగటి కంటే 10 నుంచి 20 శాతం దాకా దిగుతాయి. పగలు 130 ఉన్నవారికి రాత్రి 110కి అటూ ఇటూగా ఉంటుందన్నమాట. గుండె పుట్టిన నాటి నుంచి ఆగకుండా కొట్టుకునే అవయవం. దానికి సెలవంటూ ఉంటే అది ఈ కొన్ని గంటల తక్కువ భారమే. పగలంతా పూర్తి లోడు మీద తిరిగిన బోరు మోటారుకు రాత్రి లోడు తగ్గించడం ఎలాంటిదో ఇదీ అలాంటిదే. ఆ తగ్గింపు లేకపోతే నష్టం ఆ రాత్రే కనిపించదు. రక్తనాళం లోపలి పొర గట్టిపడుతుంది, గుండె కండరం మందమవుతుంది, మూత్రపిండాల వడపోత దెబ్బతింటుంది. ఇవన్నీ ఏళ్ల మీద, చప్పుడు లేకుండా జరిగే పనులు.

నిద్రలో రక్తపోటు తగ్గుతుందని ఇంగ్లండ్ శాస్త్రవేత్త లియొనార్డ్ హిల్ 1898లోనే రాశాడు. తగ్గకపోతే ఏమవుతుందన్న ప్రశ్న గట్టిగా లేవడానికి మరో తొంభై ఏళ్లు పట్టింది. డబ్లిన్‌లో ఓబ్రయన్ అనే వైద్యుడూ ఆయన సహచరులూ రోజంతా బీపీ కొలిచే యంత్రాలు కట్టి చూసి, రాత్రి బీపీ దిగని రోగుల్లో పక్షవాతం బారిన పడినవారు ఎక్కువగా ఉన్నారని 1988లో ప్రకటించారు. ఇంకా బలమైన సాక్ష్యం జపాన్ ఈశాన్యాన ఉన్న ఒహసామా అనే చిన్న ఊరి నుంచి వచ్చింది. అక్కడ నలభై దాటిన 1,542 మందికి ఇలాంటి పెట్టెలే కట్టి, తొమ్మిదేళ్లకు పైగా వాళ్ల బాగోగులు కనిపెట్టుకుని ఉన్నారు. రాత్రి దిగాల్సిన బీపీ 5 శాతం తక్కువ దిగినకొద్దీ గుండె, రక్తనాళాల జబ్బులతో చనిపోయే ముప్పు సుమారు 20 శాతం చొప్పున పెరిగిందని 2002లో తేలింది. రోజు మొత్తం సగటు బీపీ మామూలుగానే ఉన్నవారిలోనూ ఇదే తీరు కనిపించింది. క్లినిక్‌లో "నార్మల్" అనిపించుకుని ఇంటికి వెళ్లినవారిలో కొందరు రాత్రిపూట నార్మల్ కారు. అన్నిటికంటే ఆలోచించాల్సిన సంగతి ఇది.

▣ రాత్రి బీపీ ఎలా తెలుస్తుంది?
దీన్ని 24 గంటల బీపీ పరీక్ష అంటారు. పట్టీ, పెట్టె కట్టి పంపిస్తారు, మామూలుగా పనులు చేసుకోవచ్చు. పగలు పావుగంటకో ఇరవై నిమిషాలకో ఒకసారి, రాత్రి అరగంటకోసారి దానంతట అదే కొలుస్తుంది. పట్టీ బిగిసేటప్పుడు చెయ్యి కదపకుండా ఉంచాలి. రాత్రి తగ్గుదల 10 శాతం కంటే తక్కువ ఉంటే బీపీ సరిగా దిగడం లేదని లెక్క. అందరికీ ఈ పరీక్ష అక్కర్లేదు. మందులు వాడుతున్నా బీపీ లొంగనివారికి, మధుమేహం, కిడ్నీ జబ్బు ఉన్నవారికి డాక్టరు అవసరమనుకుంటే రాస్తారు.

ఒక్క గంట చేసే తేడా

నిద్ర తగ్గితే బీపీ పెరుగుతుందా అని అమెరికాలో 33 నుంచి 45 ఏళ్ల మధ్య వయసున్న 578 మంది మీద ఐదేళ్లు పరిశీలించారు. ఎన్ని గంటలు పడుకుంటున్నారని నోటిమాటగా అడిగితే మనుషులు ఉన్నదానికంటే ఎక్కువ చెబుతారు. అందుకని మణికట్టుకు కదలికలు పసిగట్టే పరికరం కట్టారు. సగటు నిద్ర ఆరు గంటలే అని తేలింది. రాత్రి నిద్ర ఒక గంట తక్కువైన కొద్దీ ఐదేళ్లలో కొత్తగా అధిక రక్తపోటు వచ్చే అవకాశం 37 శాతం చొప్పున పెరిగింది. ఇదే పెద్ద పరిశోధనలో భాగంగా 495 మందికి గుండె రక్తనాళాల స్కాన్ తీశారు. ఆ నాళాల్లో సున్నం పేరుకోవడం గుండెజబ్బుకు తొలి ఆనవాళ్లలో ఒకటి. ఐదేళ్లలో కొత్తగా సున్నం పేరుకున్నవారు ఐదు గంటల కంటే తక్కువ నిద్రపోయేవారిలో 27 శాతం, ఏడు గంటలకు మించి నిద్రపోయేవారిలో 6 శాతం. ఈ ఫలితాలు 2008, 2009 సంవత్సరాల్లో వచ్చాయి.

కనిపెట్టి చూడటం వేరు, చేయించి చూడటం వేరు. అమెరికాలోని మేయో క్లినిక్ వైద్యులు ఇరవై మంది ఆరోగ్యవంతులైన యువతీయువకులను ఆస్పత్రిలోనే ఉంచి, ఒక విడతలో తొమ్మిది రాత్రులు నాలుగేసి గంటలు, ఇంకో విడతలో తొమ్మిదేసి గంటలు పడుకోనిచ్చారు. నాలుగు గంటల విడతలో వాళ్ల బీపీ పెరిగింది, ముఖ్యంగా రాత్రిపూట. కళ్లు మూసుకుని నిద్రపోతున్న ఆ కొద్ది గంటల్లో కూడా బీపీ దిగాల్సినంత దిగలేదు. 2021లో అచ్చయిన ఈ ప్రయోగంలో పాల్గొన్నవాళ్లు నలభై ఏళ్లలోపువాళ్లే, ఏ జబ్బూ లేనివాళ్లు. తొమ్మిది రాత్రులకే వాళ్ల ఒంట్లో అంత తేడా వచ్చిందంటే, తొమ్మిదేళ్లుగా ఐదు గంటలతో సరిపెట్టుకుంటున్న నలభై ఐదేళ్ల మనిషి సంగతి ఏమిటో ఊహించుకోవచ్చు.

మరి నిద్ర పెంచితే బీపీ తగ్గుతుందా? ఇక్కడ నిజాయితీగా మాట్లాడాలి. బోస్టన్‌లో బీపీ అప్పుడప్పుడే ఎక్కువవుతున్న 22 మందిని ఎంచుకుని, కొందరిని రోజూ మరో గంట ఎక్కువసేపు పడుకోమన్నారు, మిగతావారిని ఎప్పటిలాగే ఉండమన్నారు. ఆరు వారాల్లో మొదటి జట్టువారి నిద్ర సగటున 35 నిమిషాలు పెరిగింది, పై అంకె సగటున 14 పాయింట్లు పడిపోయింది. వినడానికి అద్భుతంగా ఉంది. కానీ ఏమీ మార్చుకోని జట్టులోనూ అది 7 పాయింట్లు తగ్గింది. అంత తక్కువ మందితో, ఆ తేడాను కచ్చితమైన రుజువుగా తీసుకోలేం. 2013లో వచ్చిన ఈ చిన్న అధ్యయనాన్ని పట్టుకుని నిద్రపోతే 14 పాయింట్లు తగ్గుతాయని చెప్పేవారిని నమ్మకూడదు. అయితే ఆ అంకెలో సగం కంటే తక్కువ నిజమైనా అది చిన్న మేలు కాదు. మూడున్నర లక్షల మంది సమాచారాన్ని కలిపి చూసిన 2021 నాటి పెద్ద విశ్లేషణ ప్రకారం మందులతో పై అంకెను 5 పాయింట్లు తగ్గించగలిగితే గుండెపోటు, పక్షవాతం వంటి పెద్ద ప్రమాదాలు పదింట ఒక వంతు తగ్గుతాయి. బీపీ విషయంలో చిన్న అంకెకు పెద్ద విలువ ఉంది.

"మా తాత నాలుగు గంటలే పడుకునేవాడు"

నిద్ర మాటెత్తితే ఎదురయ్యే మొదటి వాదన ఇది. నాలుగింటికే లేచి పొలం వెళ్లిన తాతలు తొంభై ఏళ్లు బతికారని. ఇందులో రెండు సంగతులు మరుగున పడుతున్నాయి. ఒకటి, కరెంటు అంతంతమాత్రంగా ఉన్న రోజుల్లో ఊరు ఎనిమిదింటికే మాటుమణిగేది. నాలుగింటికి లేచినా అప్పటికి ఏడెనిమిది గంటలు అయ్యేవి, మధ్యాహ్నం చెట్టు కింద కునుకు అదనం. రెండు, తక్కువ నిద్రతోనే హాయిగా ఉండగలిగే జన్యువులు ఉన్నవారు నిజంగానే ఉన్నారు. కాలిఫోర్నియా శాస్త్రవేత్తలు 2009లో అలాంటి ఒక జన్యు మార్పును కనిపెట్టారు. కానీ వాళ్లు చాలా అరుదు. తమకు ఐదు గంటలు చాలనుకునేవారిలో ఎక్కువమంది నిద్ర చాలక, ఆ చాలకపోవడానికి అలవాటు పడినవారే. పగలు బస్సెక్కగానే కునుకు పడుతోందంటే, అలారం లేకుండా మెలకువ రావడం లేదంటే, సెలవురోజు పదింటిదాకా లేవలేకపోతున్నామంటే ఒంటికి నిద్ర బాకీ ఉన్నట్టే.

రెండో అభ్యంతరం ఇంతకంటే గట్టిది. జబ్బు, అప్పులు, దిగులు ఉన్నవారికి నిద్ర పట్టదు. గుండెజబ్బు కూడా వాళ్లకే ఎక్కువ. కాబట్టి దోషం నిద్రలేమిది కాకపోవచ్చు కదా? పైగా తొమ్మిది గంటలకు మించి పడుకునేవారిలోనూ గుండెపోట్లు ఎక్కువే. బ్రిటన్‌లో 4.61 లక్షల మంది వివరాలతో 2019లో వచ్చిన అధ్యయనంలో ఆరు గంటలలోపు నిద్రపోయేవారికి గుండెపోటు ముప్పు 20 శాతం, తొమ్మిది గంటలు దాటినవారికి 34 శాతం ఎక్కువగా తేలింది. ఇందుకు సమాధానం ఆ అధ్యయనంలోనే ఉంది. పుట్టుకతో వచ్చే జన్యువులు అప్పులను బట్టీ దిగుళ్లను బట్టీ మారవు. తక్కువ నిద్రకు దారితీసే జన్యువులు ఉన్నవారిలో గుండెపోటు ముప్పు కూడా ఎక్కువని ఆ లెక్కలు చూపించాయి. అంటే నిద్రలేమి వట్టి సాక్షి కాదు, నేరంలో దానికీ పాలుంది. ఎక్కువ నిద్ర విషయంలో మాత్రం, చాలాసార్లు అప్పటికే లోపల ఉన్న జబ్బు మనిషిని మంచానికి కట్టేస్తుందని వైద్యులు భావిస్తారు. ఏమైనా మనం కోరేది ఏడు నుంచి తొమ్మిది గంటలే, పన్నెండు కాదు.

ఇంకొందరు వారమంతా మేలుకుని ఆదివారం తీర్చేసుకుంటామంటారు. అమెరికాలో 1,992 మంది మణికట్లకు పరికరాలు కట్టి ఐదేళ్లు వెంటాడిన అధ్యయనం 2020లో వచ్చింది. రోజుకో తీరుగా, సగటున రెండు గంటలకు మించిన తేడాతో నిద్రపోయేవారికి గుండెజబ్బు ముప్పు, రోజూ ఇంచుమించు ఒకేలా నిద్రపోయేవారి కంటే రెట్టింపు దాటింది. ఎన్ని గంటలన్నదే కాదు, ఏ వేళకన్నదీ లెక్కే. ఏడాదికోసారి వసంతంలో గడియారాన్ని గంట ముందుకు జరిపే స్వీడన్‌లో, ఆ మార్పు తర్వాత మొదటి మూడు పనిరోజుల్లో గుండెపోట్లు సుమారు 5 శాతం పెరుగుతున్నాయని ఇరవై ఏళ్ల రికార్డులు తిరగేసి 2008లో చెప్పారు. పోయింది ఒక్క గంట.

▣ ఎనిమిదో సూత్రం
గుండె ఆరోగ్యానికి అమెరికన్ హార్ట్ అసోసియేషన్ 2010లో ఏడు సూత్రాలు పెట్టింది. తిండి, వ్యాయామం, పొగ తాగకపోవడం, బరువు, కొలెస్ట్రాల్, షుగర్, బీపీ. 2022 జూన్‌లో ఎనిమిదోదిగా నిద్రను చేర్చింది. పెద్దవాళ్లకు రాత్రికి 7 నుంచి 9 గంటలు. పదమూడు నుంచి పద్దెనిమిదేళ్ల పిల్లలకు 8 నుంచి 10 గంటలు కావాలన్నది నిద్ర వైద్య నిపుణుల సలహా.

గురక పెట్టేవాడు నిద్రపోతున్నట్టు కాదు

గురక పెట్టి నిద్రపోతున్నాడంటే హాయిగా ఉన్నాడని మనవాళ్ల నమ్మకం. దీనివల్ల జరిగిన చేటు ఇంతా అంతా కాదు. పెద్దగా గురక పెడుతున్న మనిషి ఉన్నట్టుండి నిశ్శబ్దమైపోతాడు. గొంతులో దారి మూసుకుపోయి ఊపిరి ఆగింది. పది, ఇరవై, ఒక్కోసారి ముప్పై సెకన్లు. రక్తంలో ఆక్సిజన్ పడిపోతుంది, మెదడు కంగారుపడి అడ్రినలిన్‌ను విడుదల చేయిస్తుంది, మనిషి ఉక్కిరిబిక్కిరై పెద్దగా గాలి పీల్చి మళ్లీ గురక అందుకుంటాడు. బీపీ ఆ క్షణంలో చటుక్కున ఎగబాకుతుంది. ఇది గంటకు ఐదు నుంచి ఐదారు పదుల సార్లు జరగవచ్చు. పొద్దున లేచాక ఆయనకేమీ గుర్తుండదు. తల దిమ్ముగా ఉందని, నోరెండిపోయిందని, మధ్యాహ్నం ఫైలు ముందు కునుకు వస్తోందని మాత్రం చెబుతాడు. దీన్నే స్లీప్ ఆప్నియా అంటారు. మన దేశంలో పది కోట్ల మందికి పైగా ఈ సమస్య ఉండవచ్చని ఢిల్లీ ఎయిమ్స్ వైద్యుల 2023 నాటి అంచనా. అమెరికాలోని విస్కాన్సిన్‌లో నాలుగేళ్లు సాగిన పరిశీలనలో, గంటకు పదిహేను సార్లు అంతకు మించి ఊపిరికి ఆటంకం కలిగేవారికి అధిక రక్తపోటు వచ్చే అవకాశం మూడు రెట్లకు దగ్గరగా ఉందని 2000లో తేలింది. మూడు రకాల మందులు వాడినా బీపీ లొంగనివారిలో వెతకాల్సిన కారణాల్లో ఇది ముందుంటుంది. లావుగా ఉన్నవారికే వస్తుందనుకోవడమూ పొరపాటే. చిన్న దవడ, ఇరుకు గొంతు ఉన్న సన్నటి మనుషులకూ వస్తుంది.

దీనికి మందుబిళ్ల కంటే ముక్కుకు తగిలించుకునే సీపాప్ అనే గాలి యంత్రమే ఎక్కువగా వాడతారు. స్పెయిన్‌లో, మూడు నాలుగు మందులకూ లొంగని బీపీ ఉన్న 194 మంది మీద పన్నెండు వారాలు జరిపిన పరీక్షలో యంత్రం వాడినవారి సగటు బీపీ 3 పాయింట్లు తగ్గింది. రాత్రి లోయ మళ్లీ కనిపించినవారు కూడా వారిలోనే ఎక్కువ. అయితే 2016లో వచ్చిన మరో పెద్ద పరీక్ష ఇంత ఆశ కలిగించలేదు. ఇండియాతో సహా ఏడు దేశాల్లో 2,717 మందితో జరిగిన ఆ పరీక్షలో యంత్రం వాడినవారికి గుండెపోట్లు, పక్షవాతాలు తగ్గలేదు. నిద్రను సరిచేస్తే గుండె బాగుపడుతుందన్న వాదనకు ఇది ఎదురుదెబ్బే, కాదనలేం. కానీ ఆ ఫలితం పక్కనే ఇంకో అంకె ఉంది. రోగులు ఆ యంత్రాన్ని రాత్రికి సగటున పెట్టుకున్నది 3.3 గంటలే. సగం రాత్రి కూడా వాడని వైద్యం విఫలమైందని తేల్చడం కష్టం. పైగా వాళ్లంతా అప్పటికే గుండెజబ్బో పక్షవాతమో వచ్చినవారు. నష్టం జరిగాక దిద్దడం కంటే జరగకముందే ఆపడం మేలన్న సంగతే దీన్నుంచి తీసుకోవాలి. ఒక మాట ఇక్కడే చెప్పాలి. నిద్ర పట్టడానికని రాత్రి ఒక పెగ్గు వేసేవారున్నారు. మద్యం గొంతు కండరాలను ఇంకా వదులు చేసి గురకను పెంచుతుంది, రాత్రి రెండో సగంలో నిద్రను ముక్కలు చేస్తుంది. అది నిద్ర మందు కాదు.

చెన్నైలో ఎనిమిది గంటలు, ఐదున్నర గంటలు

"నిద్ర సుఖమెరుగదు" అని మన సామెత. ఎక్కడైనా, ఎలాగైనా పట్టేస్తుందని దాని భావం. చెన్నైలో తక్కువ ఆదాయం ఉన్న 452 మంది మీద ఆర్థికవేత్తలు జరిపిన అధ్యయనం 2021లో వచ్చింది. దాన్ని చదివితే సుఖం లేని చోట నిద్ర పడుతుంది గానీ నిలవదని అర్థమవుతుంది. వాళ్లు రాత్రికి ఎనిమిది గంటలు పక్క మీదే ఉన్నారు. నిద్రపోయింది ఐదున్నర గంటలు. వేడి, దోమలు, రోడ్డు మీది హారన్లు, కిటికీలోంచి పడే వీధిదీపం మాటిమాటికీ వాళ్లను లేపాయి. పరిశోధకులు ఫ్యానులు, దిండ్లు, కళ్లకు గంతలు, చెవుల్లో పెట్టుకునే బిరడాలు ఇచ్చి, ఎక్కువ నిద్రపొమ్మని ప్రోత్సహించారు. నిద్ర 27 నిమిషాలు పెరిగింది. అయినా పనిలో గానీ, తెలివి చురుకులో గానీ, బతుకు బాగులో గానీ మెరుగుదల కనిపించలేదు. ఎక్కువ నిద్రతో ఒరిగేదేమీ లేదని దీన్ని చూపించేవారున్నారు. కానీ ఆ 27 నిమిషాలు వచ్చింది ఎక్కువసేపు పడుకోవడం వల్లే తప్ప, నిద్ర నాణ్యత పెరిగి కాదు. మెలకువలు మెలకువల్లాగే ఉన్నాయి. అదే మనుషులకు పని చేసే చోట మధ్యాహ్నం ప్రశాంతంగా అరగంట కునుకు తీసే వీలు కల్పిస్తే మాత్రం మేలు కనిపించింది. పడక మీద గడిపిన గంటలు వేరు, నిద్ర వేరు. ఐదో అంతస్తు ఏసీ గదిలో ఉన్నవారికీ, రేకుల షెడ్డు కింద మే నెల రాత్రి గడిపేవారికీ ఒకే సలహా ఇచ్చి ఊరుకోవడం అన్యాయం.

చప్పుడు సంగతి ఇంకా పట్టించుకోవాల్సింది. ఏథెన్స్, మిలన్, స్టాక్‌హోమ్, లండన్ విమానాశ్రయాల దగ్గర నివసించే 140 మందికి రాత్రంతా బీపీ పెట్టె కట్టి, గదిలో చప్పుడును కూడా రికార్డు చేశారు. విమానం మోత వినిపించినప్పుడు పై అంకె సగటున 6 పాయింట్లు ఎగిసింది. వాళ్లు నిద్ర లేవకపోయినా సరే. చెవి మేలుకునే ఉంటుంది, దానితోపాటు గుండె కూడా. ఈ ఫలితాలు 2008లో అచ్చయ్యాయి. అర్ధరాత్రి పెళ్లి బరాత్ డీజే మోతకు కిటికీ అద్దాలు అదిరే మన కాలనీల్లో అలాంటి పెట్టె కట్టి చూస్తే ఏమి రాసుకుంటుందో చెప్పనక్కర్లేదు. చట్టం లేక కాదు. 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం రాత్రి పది నుంచి ఉదయం ఆరు దాకా నివాస ప్రాంతాల్లో శబ్దం 45 డెసిబెల్స్ దాటకూడదు. నిద్ర మనిషికి ప్రాథమిక అవసరమని, జీవించే హక్కులో భాగమని రామ్‌లీలా మైదాన్ కేసులో 2012లో సుప్రీంకోర్టు చెప్పింది. పోలీసులకు ఫోన్ చేస్తే ఇంటి అడ్రసు అడుగుతారేమో, తెల్లారితే పక్కింటివాళ్లతో గొడవేమో అని దుప్పటి ముసుగేసుకుని భరిస్తున్నాం. ఆ భరింపు ఖర్చు గుండె కడుతోంది.

ఎవరి గడియారం ప్రకారం?

కాలిఫోర్నియాలో ఉదయం పది గంటలకు మీటింగు పెడితే హైదరాబాద్‌లో అది వేసవిలో రాత్రి పదిన్నర, శీతాకాలంలో పదకొండున్నర. మాదాపూర్, గచ్చిబౌలి ఆఫీసుల్లో వేలమంది జీవితం ఆ లెక్క మీద నడుస్తోంది. కాల్ అయ్యాక బుర్ర చల్లబడేసరికి ఒంటిగంట, పిల్లల స్కూలు బస్సుకు ఆరింటికి లేవాలి. ఐటీ ఒక్కటే కాదు. సింగరేణి గనుల రాత్రి షిఫ్టు, విశాఖ ఉక్కు కర్మాగారం, ఆస్పత్రి వార్డుల్లో నర్సులు, ఆర్టీసీ నైట్ సర్వీసు డ్రైవర్లు, తెల్లవారుజామున కూరగాయలతో రైతుబజారుకు బయల్దేరే రైతులు, వీళ్లందరి నిద్రా బతుకుతెరువుకు తాకట్టులోనే ఉంది. ఇరవై లక్షల మందికి సంబంధించిన 34 అధ్యయనాలను కలిపి చూసి, షిఫ్టుల్లో పనిచేసేవారికి గుండెపోటు ముప్పు 23 శాతం ఎక్కువని 2012లో లెక్క తేల్చారు. త్వరగా పడుకోండి అన్న మాట వీళ్లకు వినపడితే కోపం రావడంలో తప్పు లేదు. షిఫ్టులు వేసేవాళ్లు, మీటింగు వేళలు పెట్టేవాళ్లు వినాల్సిన మాట అది. రోజు మార్చి రోజు షిఫ్టు మార్చకపోవడం, రాత్రి డ్యూటీ తర్వాత చాలినంత విరామం ఇవ్వడం, రాత్రి కాల్ ఉన్నవారిని మర్నాడు ఆలస్యంగా రానివ్వడం యాజమాన్యాలకు కోట్లు ఖర్చయ్యే పనులేమీ కావు.

ఇంట్లో అందరికంటే ఆలస్యంగా పడుకుని అందరికంటే ముందు లేచేది ఎవరో మనకు తెలుసు. గిన్నెలు తోమి, పొద్దుటికి ఇడ్లీ పిండి సిద్ధం చేసుకుని, పాలు తోడేసి పడుకునేసరికి పదకొండున్నర. కొళాయి నీళ్లు నాలుగున్నరకు వస్తే ఆ వేళకే లేవాలి. ఆమె బీపీ పెరిగితే ఉప్పు తగ్గించమంటారు, దిగులు పడొద్దంటారు. ఇంటి పనిని పంచుకోమని మిగతావాళ్లకు మాత్రం ఎవరూ చీటీ రాయరు. ఇక పిల్లలు. ఇంటర్ హాస్టళ్లలో తెల్లవారుజామునే మొదలై రాత్రి దాకా సాగే స్టడీ అవర్లకు తలొంచిన పదహారేళ్ల కుర్రాడికి ఎనిమిది గంటల నిద్ర కల. అమెరికాలో 13 నుంచి 16 ఏళ్ల 238 మంది పిల్లలను చూసిన 2008 నాటి అధ్యయనంలో, కలత నిద్ర పోయేవారిలో బీపీ ఉండాల్సినదానికంటే ఎక్కువ ఉండే అవకాశం మూడున్నర రెట్లు కనిపించింది. ర్యాంకు కోసం పిల్లల రాత్రుల్ని లాక్కోవడం వాళ్ల నలభయ్యో ఏట ఆరోగ్యం మీద అప్పు తేవడమే.

డాక్టరు అడగాల్సింది, మనం చెప్పాల్సింది

దేశంలో 2017లో మొదలైన రక్తపోటు నియంత్రణ కార్యక్రమానికి ముందుగా ఎంచుకున్న ఐదు రాష్ట్రాల్లో తెలంగాణ ఒకటి. మాత్రలు ఊళ్లోనే దొరికేలా చేయడం, రోగి మళ్లీ వచ్చాడో లేదో నమోదు చేయడం వంటివి దాంతో మొదలయ్యాయి. అలా నమోదు చేసే కార్డులో బీపీ అంకె పక్కన రెండే రెండు గళ్లు చేరిస్తే చాలు. రాత్రికి ఎన్ని గంటల నిద్ర? గురక ఉందా? ఆశా కార్యకర్త అడగగలిగే ప్రశ్నలు ఇవి. పరికరం అక్కర్లేదు, పైసా ఖర్చు లేదు. జవాబును బట్టి ఎవరిని పెద్దాస్పత్రికి పంపాలో, ఎవరికి 24 గంటల పరీక్ష రాయాలో తెలుస్తుంది.

అలాగని నిద్ర బాగుపడింది కదా అని బీపీ మాత్ర మానేయడం ప్రాణాంతకం. ఈ కథనంలో ఏ వాక్యమూ ఆ సలహా ఇవ్వడం లేదు. మాత్రను పొద్దున వేసుకోవాలా రాత్రా అన్నది చాలామందికి సందేహం. బ్రిటన్‌లో 21 వేల మందితో జరిగి 2022లో వచ్చిన పరీక్షలో రెండింటికీ గుండె విషయంలో తేడా లేదని తేలింది. కాబట్టి రోజూ మరిచిపోకుండా వేసుకోగలిగిన వేళే మంచి వేళ. మూత్రం ఎక్కువగా వచ్చే మాత్ర రాత్రి వేసుకుని రెండు మూడుసార్లు లేస్తున్నవారు మాత్రం దాన్ని పొద్దుటికి మార్చవచ్చేమో డాక్టరును అడగాలి. నెలల తరబడి నిద్ర పట్టనివారికి నిద్రమాత్ర కంటే ముందు, అలవాట్లనూ ఆలోచనలనూ దిద్దే ప్రత్యేక కౌన్సెలింగ్ ఇవ్వాలని అమెరికా వైద్యుల సంఘం 2016లోనే సిఫారసు చేసింది. మన పెద్ద ఊళ్లలోనూ అది దొరుకుతోంది. సాయంత్రం ఐదు తర్వాతి కాఫీ, టీలు మానడం, మంచమెక్కాక ఫోన్ పక్కనపెట్టడం, ఆదివారమైనా అదే వేళకు లేవడం అందరికీ తెలిసినవే. తెలిసినంత మాత్రాన చిన్నవేమీ కావు.

ఈసారి బీపీ చూపించుకోవడానికి వెళ్లినప్పుడు, వారం రోజులు ఎన్నింటికి పడుకున్నారో ఎన్నింటికి లేచారో ఒక కాగితం మీద రాసుకుని తీసుకెళ్లండి. డాక్టరు అడగకపోయినా బల్ల మీద పెట్టండి. గురక సంగతి, ఊపిరి ఆగే సంగతి గురక పెట్టేవారికి తెలియదు. రాత్రి మీ పక్కన పడుకునేవారిని కూడా వెంటబెట్టుకుని వెళ్లండి, చెప్పాల్సింది వాళ్లను చెప్పనివ్వండి.